ఎర్రచందనం నాటిన రోజే రాసుకోండి, కోసే రోజున అనుమానించకండి

చంద్రగిరి, భాకరాపేట, రొంపిచర్ల వైపు ఏ రైతునైనా అడగండి, గట్టు మీద ఎర్రచందనం పెట్టకూడదా అని. "పెట్టొచ్చు సామీ, రేపు కొట్టనిచ్చేదెవరు?" అంటాడు. చెట్టు బతకదనే దిగులు ఎవరికీ లేదు. అది పుట్టిందే ఈ నేలలో. శేషాచలం, వెలికొండ, పాలకొండ, లంకమల కొండల చుట్టుపక్కల తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవుల్లో ఇలా పెరగదు. రాతి నేల, మండే ఎండ, అరకొర వాన దానికి చాలు. భయమంతా అనుమతి గురించే.

ముందే చెబుతున్నాను, అనుమతి ఎత్తేయమని నేను అడగడం లేదు. ఈ చెట్టుకు కాపలా ఉండాలి, గట్టిగా ఉండాలి. కొండల్లోకి నడిచి వెళ్లినవాళ్లకు తెలుసు, ఒకప్పుడు గుంపుగా చెట్లున్న చోట ఇప్పుడు మోళ్లు ఎలా కనిపిస్తాయో. అరుదైన జంతువులు, మొక్కల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం సైటిస్. 1995 నుంచి ఎర్రచందనం దాని రెండో అనుబంధంలో, అంటే అనుమతితోనే వ్యాపారం చేయాల్సిన జాబితాలో ఉంది. అడవిలో పెరిగిన దుంగను ప్రైవేటువాళ్లు విదేశాలకు పంపడం నిషేధం. ఇక్కడ 1967 నాటి అటవీ చట్టం ఉంది. మామూలు చెట్టు కొట్టాలన్నా నీరు, భూమి, చెట్ల రక్షణ కోసం తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది. 2015 ఏప్రిల్ 7న శేషాచలంలో జరిగిన కాల్పుల్లో తమిళనాడు నుంచి వచ్చిన 20 మంది కూలీలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. దుంగ ఖరీదు పెద్దవాళ్ల జేబులోకి పోతుంది, ప్రాణం పోయేది కూలివాడిది. కాబట్టి ఈ చెట్టు విషయంలో ప్రభుత్వం కళ్లు తెరుచుకుని ఉండడం తప్పని ఎవరంటారు?

నా కోపం వేరే దాని మీద. సొంత పట్టా పొలంలో, సొంత నీళ్లు పోసి పెంచిన రైతును ఈ పద్ధతి మొదటి రోజు నుంచే అనుమానితుడిగా నిలబెడుతోంది.

మా నాయన తొంభైల చివర్లో ప్రభుత్వ నర్సరీ నుంచే మొక్కలు తెచ్చి గట్టు పొడుగునా నాటాడు. మొదటి రెండేళ్లు బిందెలతో నీళ్లు మోసింది మా అమ్మ. మేకలు కొరకకుండా కంపలు కట్టాడు. ఇప్పుడు వాటి బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. కాయలు గుండ్రంగా, చుట్టూ పల్చటి రెక్కతో ఎండాకాలం గాలికి పొలమంతా పడతాయి. ఈ చెట్టులో విలువంతా లోపలి ఎర్రటి చేవలోనే ఉంది. చుట్టూ ఉండే తెల్ల చెక్కకు ధర రాదు. ఆ చేవ కట్టడానికే ఇరవై, పాతికేళ్లు కావాలి. అన్నేళ్లు ఆగినవాడు అర్జీ పట్టుకుని వెళితే ఒక కార్యాలయంలో అడిగిన మొదటి ప్రశ్న ఇది: "పెద్దాయనా, నువ్వే నాటినట్లు రుజువేది?"

పట్టాదారు పాసు పుస్తకం ఉంది. భూమి ఎవరిదో చెప్పే 1-బీ ఉంది. ఏ పొలంలో ఏ పంట ఉందో రాసే అడంగల్ తీసి చూస్తే ఆ సర్వే నంబరుకు వేరుశనగ అని ఉంది. అవును, పొలంలో వేసేది వేరుశనగే. గట్టు మీది చెట్లను ఏ సంవత్సరం ఎవరు రాశారు? నర్సరీ రసీదు పాతికేళ్లు దాచుకోవాలని ఎవరు చెప్పారు?

పైగా మా పొలానికి ఒక పక్క రిజర్వు అడవి. అంటే రెవెన్యూవాళ్లూ అటవీవాళ్లూ కలిసి వచ్చి హద్దులు తేల్చాలి. తేల్చాల్సిందే, కాదనను. కానీ సర్వేయరు ఖాళీగా ఉన్న రోజు రేంజరుకు కుదరదు. రేంజరుకు కుదిరిన రోజు సర్వేయరు వేరే మండలంలో ఉంటాడు. ఎవరినీ తిట్టాలని లేదు, వాళ్లకున్న పనులూ తక్కువేం కాదు. కానీ ఎన్ని రోజుల్లో వచ్చి తీరాలనే గడువును ఎవరూ కాగితం మీద పెట్టి మా చేతికివ్వలేదు. గడువు లేకపోతే అర్జీ ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడి ఉన్నా అడిగేవాడు లేడు.

ఆ తర్వాతి పని మాత్రం నాకు నచ్చింది, నిజంగా. టేపు పెట్టి ఒక్కో చెట్టు చుట్టుకొలత తీస్తారు, పెయింటుతో నంబరు వేస్తారు. కొట్టాక దుంగ దుంగకూ పొడవు, లావు రాసి, ముద్ర కొట్టి, ఆ జాబితా ప్రకారమే రవాణా పర్మిట్ ఇస్తారు. ఈ కట్టుదిట్టం ఇంకా పెంచినా నాకు అభ్యంతరం లేదు. నా ప్రశ్న ఒక్కటే. ఈ లెక్క చెట్టు మొక్కగా ఉన్నప్పుడే ఎందుకు మొదలుకాదు?

2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా, తిరుపతి వీధులు ఏరులై పారిన వానలు. అప్పుడు మాకు తెలిసిన ఒకాయన పొలంలో ఎర్రచందనం చెట్టు వేళ్లతో సహా కూలి కాలవకు అడ్డం పడింది. నీళ్లు పక్క చేలోకి మళ్లాయి. కొమ్మ నరికితే కేసు అవుతుందేమోనని ఆయనకు టెన్షన్. కనీసం పక్కకు లాగుదామంటే, రాత్రికి రాత్రి ఎవరైనా ఎత్తుకుపోతే ఆ నిందా తన మీదే పడుతుందని ఇంకో భయం. ఫోన్లో చెబితే ముట్టుకోవద్దన్నారు. చివరకు పక్క చేనువాళ్లతో మాటా మాటా పెరిగింది. చెట్టు అక్కడే పడి ఉంది. తెల్ల చెక్కంతా చెదలు తిన్నాయి, చేవ మాత్రం అలాగే మిగిలింది. గాలివానకు పడిపోయిన చెట్టుకూ, ఇంటి కప్పు మీదకు వాలిన కొమ్మకూ రెండు మూడు రోజుల్లో తేల్చే పద్ధతి ఒకటి ఉండాలా వద్దా? ఫొటో పంపితే, కిందిస్థాయి సిబ్బంది వచ్చి కొలిచి, రాసుకుని, పక్కకు జరిపించే పాటి ఏర్పాటు పెద్ద కష్టమా?

ఈ ఆలస్యంలోకే బ్రోకర్లు దూరుతున్నారు. "అన్నా, చెట్లు మాకు రాసివ్వండి, పర్మిట్ సంగతి మేం చూసుకుంటాం" అని వస్తారు. వాళ్లు చెప్పే ధర వింటే కడుపు మండుతుంది. అయినా కూతురి పెళ్లో, ఆసుపత్రి ఖర్చో నెత్తి మీదున్నవాడు నిలబడగలడా? సంతకం పెట్టేస్తాడు. పాతికేళ్ల కష్టం రైతుది, లాభం కాగితాలు నడపడం తెలిసినవాడిది. ఇంతకంటే అన్యాయం నాకు కనబడదు.

ఇవన్నీ చూసిన పక్క రైతు ఏం చేస్తాడు? నీలగిరి వేస్తాడు, సరుగుడు వేస్తాడు. వాటికి ఈ గొడవ లేదు, కొన్నేళ్లకే డబ్బు చేతికొస్తుంది. మన కొండల్లో పుట్టిన చెట్టు మన పొలాల్లో లేకుండా పోతోంది. బయట చట్టబద్ధంగా దొరికే సరుకు తగ్గేకొద్దీ గొడ్డలి అడవి మీదే పడుతుంది.

పలమనేరు దాటితే కర్ణాటక. అక్కడ శ్రీగంధం కథ చూడండి. ఒకప్పుడు ఇంటి పెరట్లో మొలిచిన గంధం చెట్టు కూడా సర్కారుదే. దాంతో మొలక కనిపిస్తే పీకేసేవాళ్లని అక్కడి పెద్దలు చెబుతారు. 2001లో చట్టం సవరించి, పొలంలోని గంధం చెట్టు మీద హక్కు ఆ రైతుదేనన్నారు. అనుమతులూ తనిఖీలూ పోలేదు, దొంగతనాలూ ఆగలేదు, అది నిజమే. కానీ రైతులు గంధం తోటలు వేయడం మొదలుపెట్టారు. హక్కు తనదని తెలిస్తే రైతే ఆ చెట్టుకు కాపలా ఉంటాడు.

ఎర్రచందనం విషయంలోనూ కేంద్రం కొంత కదిలింది. 2019లో పట్టా భూముల్లో పెంచిన దుంగల ఎగుమతికి విధానం మార్చింది. 2023 నవంబరులో సైటిస్ కమిటీ మన దేశాన్ని ఎర్రచందనం వ్యాపారం మీద పెట్టిన ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించింది. 2004 నుంచి ఆ సమీక్ష కిందే ఉన్నాం. ఢిల్లీలో, జెనీవాలో తలుపులు తెరుచుకుంటే మండలాఫీసులో ఎందుకు తెరుచుకోవు?

నేను అడిగేది చాలా చిన్న పని. ప్రతి సీజనులో ఈ-పంట నమోదుకు పొలానికి వచ్చి, ఫోన్లో ఫొటో తీసి, సర్వే నంబరుతో కలిపి ఎక్కిస్తున్నారు కదా. అదే రోజు గట్టు మీది ఎర్రచందనాన్ని కూడా ఎక్కించండి. ఎన్ని మొక్కలు, ఏ సంవత్సరం నాటినవి, ఎక్కడున్నాయి, అంతే. ఏటా ఒకసారి సరిచూడండి. కోసే రోజు వచ్చేసరికి ఆ చెట్టు పుట్టుపూర్వోత్తరాలు సర్కారు దగ్గరే ఉంటాయి. "నువ్వే నాటావా?" అని ముసలాయనను అడగాల్సిన పని ఉండదు.

పట్టా చెట్ల పేరు చెప్పి అడవి దుంగలు దాటిస్తారని అధికారులు అంటారు. ఆ భయం నిజమైనదే. దుంగగా కోసేశాక అడవిదో పొలందో కంటితో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే నిలబడి ఉన్నప్పుడే లెక్క కావాలంటున్నాను. పుస్తకంలో నలభై చెట్లుంటే యాభై చెట్ల దుంగలకు పర్మిట్ అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. దొంగకు దారి మూసుకుపోతుంది, రైతుకు తెరుచుకుంటుంది.

ప్రభుత్వం ఎప్పుడు చేస్తుందో చేయనివ్వండి. మీ పొలంలో ఎర్రచందనం ఉంటే మాత్రం ఆగొద్దు. చెట్లను సర్వే రాయితో కలిపి ఫొటోలు తీయండి. ఎన్ని ఉన్నాయో, ఎప్పుడు నాటారో రాసి గ్రామ సచివాలయంలో ఒకటి, అటవీ రేంజ్ ఆఫీసులో ఒకటి అర్జీ ఇవ్వండి. తీసుకున్నట్లు తేదీతో సంతకం, ముద్ర వేయించుకోండి. ఆ కాపీని పాసు పుస్తకంలోనే పెట్టి, ఎక్కడుందో పిల్లలకు చెప్పండి.