మోతాదు ఒక్కటే కారణం కాదు

రసాయనిక పురుగుమందులపై మీరు ప్రచురించిన వ్యాసం చదివాను. వాటి హానికంతటికీ మోతాదు మించి వాడడమే కారణమన్న వ్యాసకర్త అభిప్రాయంతో నేను ఏకీభవించలేను. వాటి మేలును కాదనడం లేదు. 1939లో స్విస్ రసాయన శాస్త్రవేత్త పాల్ ముల్లర్ గుర్తించిన డీడీటీ కీటకనాశక గుణం పేల ద్వారా సోకే టైఫస్ జ్వరం, మలేరియాల నుంచి లక్షలాది ప్రాణాలను కాపాడింది, 1948లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కడం సముచితమే. అయితే అదే డీడీటీ నేలలో ఏళ్ల తరబడి విచ్ఛిన్నం కాకుండా నిలిచిపోయింది. దాని నుంచి ఏర్పడే డీడీఈ అనే రసాయనం చేపల కొవ్వులో పేరుకుని, వాటిని తిన్న గద్దల ఒంట్లోకి చేరి, గుడ్ల పెంకులను ఎంతగా పలుచబరచిందంటే, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే అవి చిట్లిపోయేవి. ఇందులో మోతాదు పొరపాటు ఎక్కడుంది?

మొక్కల రసం పీల్చే పేనుబంక కోసం మందు చల్లినప్పుడు దాన్ని తినే అక్షింతల పురుగులు కూడా చస్తాయి. శత్రువు లేని పేనుబంక కొద్ది రోజుల్లోనే మళ్లీ పుంజుకుంటుంది, పైగా బతికి బయటపడిన వాటి సంతతి మందుకు లొంగదు. విత్తనశుద్ధికి వాడే నియోనికోటినాయిడ్లు అనే పురుగుమందులు మొక్క అంతటా వ్యాపించి పుప్పొడిలోకీ మకరందంలోకీ చేరి తేనెటీగలకు ముప్పు తెస్తాయి కనుకనే యూరోపియన్ యూనియన్ 2018లో వాటిలో మూడింటిని ఆరుబయట పొలాల్లో వాడకుండా నిషేధించింది. ఆడపురుగు వాసనతో మగపురుగులను రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు, మిత్రపురుగులు, పురుగు ఉధృతి ఆర్థిక నష్టపరిమితి స్థాయి (మందు చల్లకపోతే నష్టం ఖర్చును మించే స్థాయి) దాటాకే మందు చల్లడం వంటి సమగ్ర సస్యరక్షణ పద్ధతుల గురించి ఇంత పెద్ద వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం నన్ను నిజంగా బాధించింది.