మిట్టమధ్యాహ్నపు భగీరథులు

తోటలకు నీళ్లు పోసే మహానుభావుల సేవను లోకం ఇంకా సరిగ్గా గుర్తించలేదు. తెల్లవారుజామున ఎండ ఉండదు, గాలి ఉధృతంగా వీచదు, పోసిన నీరు ఆవిరి కాకముందే నేలలోకి ఇంకుతుంది. కానీ ఆ వేళ చూసేవారు ఎవరుంటారు? అందుకే వీరి గంగావతరణానికి మిట్టమధ్యాహ్నమే ముహూర్తం.

ఆ భంగిమ కళ్లారా చూడవలసిందే. ఒక చేయి నడుము మీద, మరో చేతిలో పైపు. బొటనవేలితో పైపు మూతిని సగం నొక్కిపెడితే నీరు విసనకర్రలా విచ్చుకుంటుంది, అందులో చిన్న ఇంద్రధనుస్సు కూడా పుడుతుంది. దాన్ని చూసుకుని ఆయన మురిసిపోతాడు. తర్వాత గులాబీ వంతు: ఆకుల మీద రెండు క్షణాల జల్లు. మొదలు మాత్రం పొడిపొడిగానే ఉంటుంది. మందారానికీ అదే మర్యాద. ఆ పక్కన ఉన్న ప్రహరీగోడకు మాత్రం కాస్త ఎక్కువసేపు, పాపం దుమ్ము పట్టింది కదా! అంతలో ఫోను మోగుతుంది. ఆయన లోకం మరిచి మాట్లాడుతుంటే, పైపు ఒకే బంతిమొక్క మొదట్లో గుంట తవ్వుతూ ఉంటుంది. మట్టి కొట్టుకుపోయి వేళ్లు బయటపడతాయి. సంభాషణ ముగిసేసరికి మొక్క ఒక పక్కకు ఒరిగి ఉంటుంది. ఆయన దానివైపు జాలిగా చూసి, 'నీళ్లు చాలలేదు' అని తీర్పు చెప్పి, ఇంకాస్త పోస్తాడు.

ఇక పచ్చిక. తడిసి మిలమిలలాడుతుంది, యజమాని కళ్లూ మిలమిలలాడతాయి. ఎవరైనా గిట్టనివాడు వేలు గుచ్చి చూస్తే గోరు మునిగినంత మేరే పదును, ఆ కింద దుమ్ము. పచ్చిక వేళ్లు తడి ఉన్నచోటికే పోతాయి కనుక, రోజూ పైపైన చిలకరిస్తే పైపైనే బతకడం నేర్చుకుంటాయి. రెండు రోజులు ఎండ కాస్తే మాడిపోతాయి. పచ్చికకు వానతో కలిపి వారానికి సుమారు 25 మిల్లీమీటర్ల నీరు, అంటే చదరపు మీటరుకు 25 లీటర్లు, సాధారణంగా సరిపోతాయి. ఆ నీటిని ఒకటి రెండు తడులుగా, జానెడు లోతుకు దిగేలా ఇవ్వాలి. బంకమన్ను అయితే ఆగి ఆగి పోయాలి, లేకపోతే నీరు పైనుంచే జారిపోతుంది. ఎంత పడిందో తెలియాలంటే స్ప్రింక్లర్ కింద ఖాళీ డబ్బా ఒకటి పెట్టి కొలిస్తే చాలు. కానీ డబ్బాలో ఇంద్రధనుస్సు కనిపించదు.

సాయంత్రపు భక్తులు మరో తెగ. వీరి దయవల్ల ఆకులు రాత్రంతా తడిగా ఉండి, బూజు తెగుళ్లకు ఆశ్రయమిస్తాయి.

వీరందరిలోనూ ఉన్న ఉమ్మడి ప్రతిభ, వడలిన మొక్క కనిపిస్తే కారణం అడగకపోవడం. వేళ్లకు నీరే కాదు, గాలీ కావాలి. రోజులతరబడి నీట నానిన వేళ్లు ఊపిరాడక కుళ్లిపోతాయి, నీటిని పీల్చలేవు, ఆకులు వేలాడతాయి. చూసేవారికి అది దాహమే. వెంటనే మరో బకెట్! ఇది హత్య అని నేను అనను, ఆత్మీయత ముదిరిన కేసు అంటాను.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. స్ప్రింక్లర్‌కు టైమర్ బిగించి వెళ్లిపోయిన పెద్దమనిషి దగ్గర మాత్రం నాకు నవ్వు రాదు. జోరున వాన కురుస్తుంటే, ఆ వానలోనే ఆయన స్ప్రింక్లర్ శ్రద్ధగా తిరుగుతూ, సగం నీరు పచ్చికకూ సగం రోడ్డుకూ పంచుతూ ఉంటుంది. ఆ నీరు ఊరకే రాలేదు. వడగట్టి, క్లోరిన్ కలిపి, పంపులతో ఎత్తి, మనుషులు తాగడానికి పంపిన నీరది. బిందె పట్టుకుని గంటలకొద్దీ వరుసలో నిలబడే జనం ఉన్న ఈ భూమ్మీద, సిమెంటు మీద మంచినీళ్లు పారబోస్తారా? సిమెంటు చిగురిస్తుందా? రోడ్డు పూత పూస్తుందా? ఒక్క వాల్వు తిప్పడానికి చేయి రాదా? సిగ్గనిపించదా?

వాన పడగానే స్ప్రింక్లర్‌ను ఆపేసే సెన్సర్లు దొరుకుతున్నాయి. అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలోనైతే 1991 నుంచి కొత్తగా బిగించే ఆటోమేటిక్ స్ప్రింక్లర్లకు అవి తప్పనిసరి. వాన కురుస్తుండగా తోట తడపవద్దని మనిషికి చెప్పడానికి ఏకంగా చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ చట్టం రాసినవారి పక్కింట్లో ఎవరుండేవారో నేను ఊహించగలను.