పేర్లు ఒక లిస్టులో, మార్కులు ఇంకో లిస్టులో పెట్టించడం ఆపండి

తిరుపతిలో బీటెక్ మొదటి ఏడాది పిల్లలకు సాయంత్రాలు పైథాన్ ప్రోగ్రామింగ్ చెప్తుంటాను. వాళ్ల ల్యాబ్ రికార్డుల్లో ఒకటే ప్రోగ్రాం మళ్లీ మళ్లీ కనబడుతుంది. పేర్లకు ఒక లిస్టు, రోల్ నంబర్లకు ఒకటి, మార్కులకు ఇంకొకటి. మూడింట్లోనూ ఇండెక్స్ (లిస్టులో స్థానం నంబరు) 2 దగ్గరున్నది ఒకే విద్యార్థిదని మనమే గుర్తుపెట్టుకోవాలి. పైథాన్‌కు ఆ సంగతి తెలీదు.

పేర్లు అక్షరక్రమంలో కావాలంటారు ల్యాబ్ సార్. పిల్లవాడు పేర్ల లిస్టును సార్ట్ చేస్తాడు. పేర్లు కదిలాయి, మార్కులు కదల్లేదు. మునిరత్నం మార్కులు గంగాధరానికి పోయాయి. ఎర్రర్ రాదు. అవుట్‌పుట్ వచ్చింది కాబట్టి రికార్డు మీద సంతకమూ పడుతుంది. ప్రోగ్రాం ఆగిపోయుంటే తప్పెక్కడని వెతికేవాడు కదా! నాకు కోపం అక్కడే.

లిస్టులను వరుసగా జతకలిపే జిప్ అనే ఫంక్షన్ వాడితే చాలంటారు కొందరు. జిప్ కూడా వరుసనే నమ్ముతుంది. పైగా మార్కుల లిస్టులో ఒకటి తక్కువైతే చివరి విద్యార్థిని చప్పుడు లేకుండా వదిలేస్తుంది. 2021లో వచ్చిన పైథాన్ 3.10 నుంచి జిప్‌లో స్ట్రిక్ట్ అనే ఆప్షన్‌ను ట్రూ అని పెడితే, పొడవులు తేడా వచ్చినప్పుడు ఎర్రర్ ఇస్తుంది. మంచిదే. పొడవులు సమానంగా ఉండి వరుస తప్పితే మాత్రం అదీ పట్టుకోలేదు.

ఒక్కొక్కరికి ఒక డిక్షనరీ పెట్టించండి, అంటే ప్రతి విలువనూ కీ అనే ఒక గుర్తుతో దాచుకునే అమరిక. పేరు, రోల్ నంబర్, మార్కులు అన్నీ అందులోనే. ఆ డిక్షనరీలన్నీ ఒక లిస్టులో. ఎలా సార్ట్ చేసినా ఎవరి మార్కులు వాళ్ల వెంటే ఉంటాయి. లిస్టులు చెప్పిన వారంలోనే ఇది చెప్పొచ్చు. సెమిస్టరు చివరిదాకా ఆపడమెందుకు?

ఇక అందరినీ ఒకే డిక్షనరీలో వేసి, విద్యార్థి పేరునే కీగా పెట్టించేవాళ్లున్నారు. అదీ తిరుపతిలో! ఒక్కో సెక్షన్లో ఎంతమంది వెంకటేష్‌లు, ఎంతమంది శ్రీనివాసులు! డిక్షనరీలో ఒక కీకి ఒకటే విలువ. రెండో శ్రీనివాసులు ఎక్కగానే మొదటివాడి మార్కులు చెరిగిపోతాయి, ఇక్కడా ఎర్రర్ రాదు. రోల్ నంబర్ కీ అయితే ఈ బాధ లేదు. హాస్టల్ ఫీజులు వేరే చోట ఉన్నా, లైబ్రరీ పుస్తకాలు ఇంకోచోట ఉన్నా, ఆ నంబరు పట్టుకుని కలిపేయొచ్చు.

ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లోనే డేటాను పట్టికలుగా చూసే రిలేషనల్ మోడల్ ప్రతిపాదించారు. వరుసల క్రమంతో పనిలేదు, పట్టికల మధ్య సంబంధం విలువల ద్వారానే ఉండాలన్నది అందులో ముఖ్యమైన సంగతి. ఇవే పిల్లలకు తర్వాత డీబీఎంఎస్ (డేటాబేస్‌ల సబ్జెక్టు)లో ప్రైమరీ కీ (ఒక్కో వరుసను గుర్తించే విలువ), ఫారిన్ కీ (వేరే పట్టికలోని వరుసను చూపే విలువ) చెప్తారు. మొదటి ఏడాదంతా ఇండెక్స్‌ను నమ్మించి, అప్పుడు జాయిన్ (పట్టికలను ఆ విలువలతో కలపడం) అర్థం కాలేదని వాళ్లను తిట్టడం అన్యాయం సార్.