పొద్దున్న మాత్రమే పట్టే సాకెట్ గారికి

మహారాజశ్రీ సాకెట్ గారికి,

ఉభయకుశలోపరి. ఉభయులంటే నా తెగిన కాలు దూరే కృత్రిమకాలి తొడుగైన మీరూ, మీ కింద ఉన్న కార్బన్ పాదమూ. నా సంగతి వదిలేయండి.

ఇవాళ మధ్యాహ్నం మీటింగులో తమరు చేసిన ఘనకార్యం గురించే ఈ ఉత్తరం. నా వంతు వచ్చింది, లేచి నిలబడ్డాను. బరువు పడగానే లోపల చేరిన గాలినంతా తమరు ‘బుర్ర్ర్’ మని వదిలారు. గదంతా నిశ్శబ్దం. పక్కాయన మర్యాదగా కుర్చీ జరుపుకున్నాడు. “నేను కాదండీ, సాకెట్” అని చెప్పుకునే సందర్భమా అది?

అసలు గాలి ఎందుకు చేరాలి? పొద్దున్న తొడుక్కున్నప్పుడు బిగువుగానే ఉన్నారు. కాలికి తొడిగే మెత్తటి లైనర్ చివరి పిన్ను టిక్కు టిక్కుమని మీ అడుగునున్న లాక్‌లో దిగింది, చెవి పెట్టి విన్నాను కూడా. మధ్యాహ్నానికి స్టంప్, అంటే మోకాలి కింద మిగిలిన కాలు, సన్నబడింది. గంటల తరబడి మీరు నొక్కుతుంటే లోపలి నీరు పైకి పోతుంది, సన్నబడక ఏం చేస్తుంది? ఎప్పుడో ఒకరోజు తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టి తీసిన అచ్చులోంచి పుట్టారు మీరు. ఆ పావుగంటలో నా కాలు ఎలా ఉందో ఎప్పటికీ అలాగే ఉండాలని మీ పట్టుదల. మీకన్నా ముందొచ్చిన మీ అన్నగారు, ఆ పారదర్శకమైన ట్రయల్ సాకెట్, ఎంత నిజాయితీపరుడు! ఎక్కడ నొక్కుతున్నాడో చర్మం తెల్లబడి బయటికే కనిపించేది. మీరేమో నల్లటి గోడ. లోపలి నిర్వాకమంతా సాయంత్రం విప్పాకే తెలిసేది.

సన్నబడితే సాక్స్ వేసుకోవాలట. ఒక ప్లై, మూడు ప్లై, అయిదు ప్లై మందాల్లో. ఎప్పుడు ఎన్నో నాకూ తెలియదు, మీకూ తెలియదు. బాత్రూములో దూరి, బటన్ నొక్కి మిమ్మల్ని ఊడదీసి, సాక్స్ తొడిగి, చివర చిల్లులోంచి పిన్ను సరిగ్గా బయటికొచ్చిందో లేదో తడిమి చూసుకోవాలి. (ఒక్క పోగు లాక్‌లో ఇరుక్కుంటే మీరు ఊడనే ఊడరు. ఆ రాత్రి కథ ఇంకో ఉత్తరంలో.) సాక్స్ తక్కువైతే స్టంప్ అడుక్కి దిగి, కోసిన ఎముక చివర మీద బరువంతా. ఎక్కువైతే పూర్తిగా దిగక, కాలు పొడుగై నడకే మారిపోతుంది. పైగా గంట తర్వాత మళ్లీ ఇదే లెక్క.

“సర్దుకుంటుంది లెండి” అన్నాడు ఫిట్టింగ్ చేసినాయన. ఏది సర్దుకుంటుంది? కార్బన్ ఫైబర్ సర్దుకోదు. అంటే నేనే సర్దుకోవాలి! పొద్దున్నుంచి రాత్రిదాకా నీ కొలతకు నేనే!

అవును, ‘నువ్వు’ అనే అంటున్నాను. మోకాలి చిప్ప కింది స్నాయువు బరువు మోయగలదు, దాని మీద వెయ్యి, కాదనను. పక్కనున్న ఫిబులా (కాలి బయటివైపు సన్నెముక) తల నిన్నేం చేసింది? అక్కడ చర్మం కింద కండ లేదు, ఎముకే. నరం కూడా అటునుంచే పోతుంది. విప్పాక ఎర్రమచ్చ పావుగంటలో పోతే ఏమీ అనేవాణ్ణి కాదు. ఇది రాసేసరికి గంట దాటింది, ఇంకా అలాగే ఉంది. లైనర్ తిరగేస్తే కారిన చెమట గురించి అడిగానా? లేని బొటనవేలు దురద పెడితే నిన్ను తిట్టానా?

నీలాంటి వాళ్ల అవసరమే లేకుండా ఎముకలోకే టైటానియం దించి కాలు బిగించే పద్ధతి 1990లోనే స్వీడన్‌లో మొదలైంది. గుర్తుంచుకో. అది చర్మంలోంచి బయటికొచ్చే చోట ఇన్‌ఫెక్షన్ భయం ఉంది కాబట్టి బతికిపోయావు.

సరే, ఒక్కటి ఒప్పుకుంటాను. అంత వదులైపోయి కూడా, పరువు పోయి మెట్లు దిగుతున్నప్పుడు ఒక్క మెట్టు మీదా నన్ను పడనివ్వలేదు.

రేపు నిన్ను చూపించడానికి వెళ్తున్నాం. ఫిబులా దగ్గర కాస్త అరగదీసి, మిగతా చోట ప్యాడ్లు అతికిస్తామన్నారు. వెయిటింగ్ హాల్లో జనం ఉంటారు. నోరు మూసుకుని రా.

ఇట్లు,
నీ పైవాడు