ఆ అబ్బాయి పాడుతూ చనిపోలేదు

వారం రోజుల్లో ఐదుగురు పంపారు, అదే మెసేజ్. జర్మన్ సంగీతకర్త మెండెల్సన్ రాసిన ప్రార్థన పాట ‘హియర్ మై ప్రేయర్’ ఆడియో, దాని కింద కన్నీళ్ల కథ. ఇది ఆయన మరణశయ్య మీద రాసిన ఆఖరి పాటట. బాలుడి గొంతు కోసమే రాశాడట. మాటలన్నీ బైబిల్లో ఉన్నవి ఉన్నట్టేనట. 1927లో దీన్ని రికార్డు చేసిన అబ్బాయి చివరి స్వరం పలికి అక్కడికక్కడే ప్రాణం విడిచాడట, ఆ గొంతు నచ్చి దేవుడు తీసుకెళ్లిపోయాడట. ఆ రికార్డు పది లక్షలకు పైగా అమ్ముడుపోయిందట.

పాట రాసింది 1844లో. ఆయన పోయింది 1847 నవంబరులో. ‘ఎలైజా’ అంతటి ఒరటోరియో (బైబిల్ కథను సోలోలతో, బృందంతో పాడే పెద్ద రచన) ఆ రెండింటి మధ్యలోనే వచ్చింది. ఇక బాలుడి సంగతి: 1845 జనవరిలో లండన్ క్రాస్బీ హాల్లో దీన్ని మొదటిసారి పాడినప్పుడు సోలో పాడింది ఒక మహిళ.

మాటల దగ్గర కాస్త ఆగాలి. బైబిల్లోని 55వ కీర్తనను విలియం బార్తలోమ్యూ ఇంగ్లీషులో పాటకు తగ్గట్టు తిరగరాశాడు. కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడే ద్రోహం చేశాడన్నది ఆ కీర్తనలోని అసలు గాయం. పాటలో అది లేనే లేదు. శత్రువుల అరుపులున్నాయి, గుండెల్లో వణుకుంది, ఆ తర్వాత గువ్వ రెక్కలుంటే ఎగిరిపోదునన్న కోరిక.

ఇక ఆ చావు కథ. శనివారం మా క్వయర్ (పాటల బృందం) ప్రాక్టీసులో సోలో పాడే పదేళ్ల పాప నా చున్నీ పట్టుకుని, “పై స్వరం పాడితే చచ్చిపోతామా ఆంటీ?” అని అడిగింది. వాళ్లమ్మ ఫోన్లో చదివిందట. ఆ రోజు గొంతు పైకి లేవలేదు.

ఆ అబ్బాయి పేరు ఎర్నెస్ట్ లఫ్. లండన్ టెంపుల్ చర్చి క్వయర్. అప్పటికి పదిహేనేళ్లు. డిస్కు ఎంతగా అమ్ముడుపోయిందంటే మాస్టర్ (కాపీలు అచ్చువేసే మూల అచ్చు) అరిగిపోయి, 1928లో అతని చేతే మళ్లీ పాడించారు. చచ్చినవాడు ఏడాది తర్వాత వచ్చి పాడాడా? గొంతు మారాక బారిటోన్ (మగవాళ్ల మధ్య స్థాయి గొంతు) పాడాడు. 2000లో, 88 ఏళ్ల వయసులో పోయాడు. ఇవేవీ వెతకకుండా పసిపిల్లలున్న ఇళ్లకు ఒక పిల్లవాడి చావును ఎలా పంపారండీ? పైగా దేవుడి పేరు పెట్టి!

పది లక్షల మాట కూడా కోతలే అనుకున్నాను. నిజమే, అంతకు మించే అమ్ముడయ్యాయి. ఇంకొకటీ ఒప్పుకుంటాను: ఏడుపొస్తుందన్నారు, నాకూ వస్తుంది. గువ్వ రెక్కల చరణం ముందు ఒక్క గొంతే ఎత్తుకుంటుంది, అదే రాగాన్ని క్వయర్ మెల్లగా అందుకుంటుంది. ఆ అందుకునే చోట ఇన్నేళ్లయినా నేను పాడే ఆల్టో (ఆడవాళ్ల కింది స్థాయి గొంతు) వరస తప్పుతుంది.

వచ్చే శనివారం పాపకు లఫ్ పెద్దయ్యాక తీసుకున్న ఫోటో చూపిస్తాను. ఆలోపు గ్రూపులోంచి ఆ మెసేజ్ తీసేయండి.