దర్యాప్తు చేతకాని చేతికి తీర్పా?

విశాఖ జిల్లా కోర్టుకు ఏ పనిరోజైనా ఉదయం పదిన్నరకు వెళ్లి చూడండి. బంట్రోతు పేరు పిలుస్తాడు. చేతిసంచీతో ఒక పెద్దాయన గబగబా లోపలికెళ్లి చేతులు కట్టుకుని నిలబడతాడు. అవతలి పార్టీ ప్లీడరు రాలేదు. ఆయన జూనియర్ లేచి రెండు ముక్కలు చెబుతాడు, ఇంకో తారీఖు పడుతుంది. అంతా కలిపి నిమిషం పట్టదు. పద్మనాభం నుంచో, భీమిలి అవతలి ఊరి నుంచో తొలి బస్సుకు వచ్చిన మనిషి ఆ తారీఖును గుమస్తా చేత చీటీ మీద రాయించుకుని బయటికొస్తాడు. గుమస్తాకు ఎంతో కొంత ఇవ్వాలి. నకలు త్వరగా కావాలంటే ఇంకొకరి చేయి తడపాలి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడన్న సామెత ఊరికే పుట్టలేదు.

ఈ విసుగును ఆసరా చేసుకుని నగరంలో ఇంకో కోర్టు నడుస్తోంది. దాని పేరు సెటిల్‌మెంట్. మధురవాడ, కొమ్మాది, ఆనందపురం వైపు గజం ధర పెరిగినకొద్దీ దానికి గిరాకీ పెరిగింది. ఖాళీ స్థలం కనిపిస్తే రాత్రికి రాత్రి బోర్డు పాతేస్తారు, తెల్లారేసరికి ప్రహరీ లేస్తుంది. సొంతదారు ఇంజంక్షన్ కోసం దావా వేస్తే ఎన్నేళ్లకు తేలుతుందో తెలియదు. ఫలానా ‘అన్న’ దగ్గరికి వెళితే వారంలో తేలుతుంది, కాకపోతే స్థలంలో వాటా వదులుకోవాలి. రిటైరైన ఉద్యోగులు కూడా ఆ గుమ్మం తొక్కుతున్నారంటే తప్పు వాళ్లదొక్కళ్లదే అనలేం. భూరికార్డులు గల్లంతయ్యాయని, తారుమారు చేశారని గగ్గోలు పుడితే విశాఖ భూముల మీద 2017లో ఒక సిట్, 2019లో ఇంకో సిట్ వేశారు. కబ్జాదారుల్లో భయం పుట్టిందని మాత్రం ఎవరూ అనలేరు.

విసుగు ముదిరితే ఏమవుతుందో కూడా చూశాం. 2024 ఫిబ్రవరిలో కొమ్మాదిలో ఒక తహసీల్దారును ఆయన ఉండే అపార్ట్‌మెంట్‌లోనే ఇనుపరాడ్డుతో కొట్టి చంపారు. భూమి కాగితాల గొడవే కారణమన్నారు. అంతకుముందు, 2019 నవంబర్‌లో, హైదరాబాద్ శివార్లలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో మహిళా తహసీల్దారును ఆఫీసులోనే తగలబెట్టారు. అప్పుడు చంపినవాడి మీద జాలి కురిపిస్తూ ఎన్ని పోస్టులు వచ్చాయో గుర్తుంది కదా? ‘పాపం, ఎంత తిప్పారో’ అన్నవాళ్లు మన పక్కింటివాళ్లే.

ఆ తర్వాత నెల తిరిగేసరికి హైదరాబాద్ దగ్గరి చటాన్‌పల్లి. డిసెంబర్ 6న, యువ పశువైద్యురాలిపై అత్యాచారం, హత్య జరిగిన ‘దిశ’ కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. పోలీసుల మీద పూలు చల్లారు, స్వీట్లు పంచారు. మరో వారానికే మన అసెంబ్లీ 21 రోజుల్లో తీర్పు రావాలంటూ దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం రాలేదు. ఆ కాల్పుల మీద సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో వెల్లడైంది. అది మాత్రం, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని, పదిమంది పోలీసుల మీద హత్య కేసు నడపాలని చెప్పింది. అప్పుడు చల్లిన పూల గురించి మళ్లీ ఎవరూ మాట్లాడలేదు.

చప్పట్లు కొట్టేవాళ్ల వాదన మాకు తెలియనిది కాదు. కోర్టుకు వెళితే ఇరవై ఏళ్లు, ఆ తర్వాత సాక్ష్యాలు లేవని కొట్టేస్తారు, అంతకన్నా ఇదే నయమంటారు. మొదటి సగం నిజం. అయితే సాక్ష్యాలు ఎందుకు లేకుండా పోతున్నాయి? సేకరించాల్సింది ఎవరు?

వాకపల్లి సంగతే తీసుకుందాం. అప్పటి మన జిల్లా ఏజెన్సీలోనిదే ఆ ఊరు. 2007 ఆగస్టు 20న మావోయిస్టుల కోసం కూంబింగ్‌కు వచ్చిన గ్రేహౌండ్స్ ప్రత్యేక పోలీసులు తమపై అత్యాచారం చేశారని పదకొండుమంది ఆదివాసీ మహిళలు చెప్పారు. ఎవరి మీదా కత్తి ఎత్తలేదు. కోర్టుకే వెళ్లారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లి, విచారణ జరపాల్సిందేనని 2017లో అక్కడ తేలాకే విశాఖ ప్రత్యేక కోర్టులో మొదలైంది. 2023 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. నిందితులైన పోలీసులందరూ నిర్దోషులు. ఎందుకంటే దర్యాప్తు అధికారులు దర్యాప్తు సరిగా చేయలేదు. ఆ మాట అన్నది కోర్టే. బాధితులకు పరిహారం ఇవ్వాలనీ ఆదేశించింది. పదహారేళ్లు కోర్టును నమ్ముకుని కూర్చున్న ఆ ఆడవాళ్లను ఓడించింది దర్యాప్తు. నేరస్థుడెవరో తేల్చే పనిని ఇలా చేసే వ్యవస్థకు శిక్షించే పని కూడా అప్పగిద్దామంటున్నారు!

విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో 2007 డిసెంబర్‌లో బీఫార్మసీ విద్యార్థిని హత్య జరిగినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది. పోలీసులు ఒక పేద యువకుణ్ణి పట్టుకొచ్చారు, కింది కోర్టు యావజ్జీవం వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా వదిలేసింది. అప్పటికే ఎనిమిదేళ్లకు పైగా జైల్లో గడిచిపోయాయి. 2008లోనే అతన్ని ఎన్‌కౌంటర్ చేసి ఉంటే? పూలు సిద్ధంగానే ఉండేవి.

తూటాకు గానీ గుంపుకు గానీ అందేది ఎప్పుడూ చేతికి దొరికే మనిషే. చటాన్‌పల్లిలో చనిపోయినవాళ్లు లారీల మీద బతికేవాళ్లు. 2018 మేలో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకారుకు హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో బలైంది ఒక ట్రాన్స్‌జెండర్. 2020 మే 7న విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరిన్ గ్యాస్ లీకై పన్నెండుమంది చనిపోతే, కంపెనీ పెద్దలను ఎన్‌కౌంటర్ చేయమని ఎవరైనా అడిగారా? అడగకూడదు కూడా. ఊరివాళ్లు శవాలను ఫ్యాక్టరీ గేటు ముందు పెట్టి న్యాయం అడిగారు, అంతే.

న్యాయవ్యవస్థకు మచ్చ లేదని మేం అనడం లేదు. గాలి జనార్దనరెడ్డి బెయిలు వ్యవహారంలో లంచం ఆరోపణ మీద 2012లో సీబీఐ కోర్టు జడ్జినే అరెస్టు చేశారు. 2025 మార్చిలో ఢిల్లీలో ఒక హైకోర్టు న్యాయమూర్తి బంగళా స్టోర్‌రూమ్‌లో కాలిన నోట్ల కట్టల వ్యవహారం దేశమంతా చూసింది. ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించకుండా హైకోర్టు జడ్జి మీద క్రిమినల్ కేసు పెట్టడానికి వీల్లేదని 1991లో సుప్రీంకోర్టే కట్టడి పెట్టుకుంది. జనం నమ్మకం కావాలంటే ఆ గోడ ఎత్తు తగ్గాల్సిందే.

ఆలస్యం సంగతి ఇంకా మొండిది. దేశంలో పెండింగ్ కేసులు 5 కోట్లు దాటాయి. పది లక్షల జనాభాకు 50 మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లోనే చెప్పింది. ఇప్పటికీ అందులో సగం దాటలేదు. వాయిదాలు రెండుకు మించకూడదని 2024 జూలై నుంచి సీఆర్‌పీసీ స్థానంలో అమల్లోకొచ్చిన బీఎన్ఎస్ఎస్ చట్టం చెబుతోంది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలనీ రాసి ఉంది. ప్లీడర్ల సంఘాలు కూడా ఇక్కడ కాస్త గుండె మీద చేయి వేసుకోవాలి. వాయిదా అడిగేది ప్రతిసారీ ప్రభుత్వం కాదు.

ఇది చదువుతున్నవాళ్ల కోపం తగ్గాలని మేం కోరుకోవడం లేదు, అది సరైన గుమ్మం ముందు దిగాలి. విశాఖలో ఎన్ని కోర్టుల్లో జడ్జి కుర్చీ ఖాళీ, పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులెన్ని నింపాలి, ఫోరెన్సిక్ రిపోర్టు రాక ఎన్ని కేసులు ఆగాయి, సమన్లు అందక ఎన్ని వాయిదా పడ్డాయి అన్న లెక్కలు ప్రతి నెలా బయటపెట్టాలి. ఎమ్మెల్యేలు, ఎంపీ ఓట్లకు వచ్చినప్పుడు రోడ్ల గురించి అడిగినట్టే వీటి గురించీ అడగాలి. వాకపల్లి తీర్పులో దర్యాప్తు మీద కోర్టు అన్న మాటలకు ఏ అధికారి మీద ఏ చర్య తీసుకున్నారో హోంశాఖ ముందు ప్రజలకు చెప్పాలి.