బస్సు ఆగినంత మాత్రాన డ్రైవరుకు విశ్రాంతి దొరికినట్టు కాదు

డ్రైవరు ఎన్ని గంటలు బండి నడిపాడో, ఎంతసేపు విశ్రాంతి తీసుకున్నాడో పరికరంతో నమోదు చేసే ఎలక్ట్రానిక్ లాగ్‌ను తప్పనిసరి చేస్తే డ్రైవర్ల అలసట వల్ల జరిగే ప్రమాదాలు తగ్గిపోతాయని ఒక వ్యాసకర్త రాశారు. ఆ అభిప్రాయంతో నేను పూర్తిగా ఏకీభవించలేను. రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అన్న పరిమితి 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే పెట్టారు కనుక కొరత నిబంధనలది కాదు. మా అమలాపురం నుంచి హైదరాబాద్ వెళ్లే రాత్రి బస్సుల డ్రైవర్లు బయలుదేరే ముందు పార్సిళ్లు సర్దడమూ, తెల్లవారి అక్కడికి చేరాక ఎండకు కాగిన డిక్కీలోనే దుప్పటి పరుచుకుని పడుకోవడమూ, సాయంత్రానికి మళ్లీ స్టీరింగ్ పట్టడమూ నేను కళ్లారా చూశాను. చక్రం తిరగని ఆ సమయాన్నంతా విశ్రాంతిగా లెక్కగడితే ఆ లాగ్ వల్ల ప్రయోజనమేమిటి? అమెరికాలో 2017 డిసెంబరు నుంచి అమలవుతున్న ఎలక్ట్రానిక్ లాగ్ విధానంలో డ్రైవరు తన పేరుతోనే లాగిన్ కావాలి, బండి నడపకుండా చేసిన పనినీ డ్యూటీగానే చూపాలి. మన బస్సుల్లోని జీపీఎస్ పరికరం మాత్రం బండి ఎక్కడుందో చెబుతుందే గానీ నడిపేది ఎవరో చెప్పదు. పైగా మన 1961 చట్టం విశ్రాంతి గదులను రాత్రి బస చేసే చోట్లకే చెప్పింది, వీరు నిద్రపోవాల్సింది పగలు. లాగ్‌తో పాటు పగటి బసకు కూడా గది, మంచం, ఫ్యాను సమకూర్చాలన్న షరతును పర్మిట్‌లోనే చేర్చాలి.